మోకాలి గుజ్జును మూలికలు కాపాడతాయా?

ప్రశ్న: నా వయసు 58. టీచర్‌గా 29 ఏళ్లు నిలబడి పాఠాలు చెప్పాను. రెండేళ్లుగా కుడి మోకాలు నొప్పి. మెట్లు దిగేటప్పుడు, కూర్చుని లేచేటప్పుడు ప్రాణం పోయినంత పనవుతుంది. ఎక్స్‌రే తీయిస్తే గుజ్జు అరిగిందని, ఎముకల మధ్య గ్యాప్ తగ్గిందని, ఇది ఆస్టియో ఆర్థరైటిస్ అని చెప్పారు. ఉన్న గుజ్జునైనా మిగుల్చుకుందామని ఆరు నెలలుగా నడక మానేశాను. నాలుగేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. రోజూ ఆస్పిరిన్, బీపీ మాత్ర వేసుకుంటాను. మా ఆడపడుచు పసుపు, శల్లకి, అశ్వగంధ, మిరియాల సారం కలిపిన మాత్రలు తెచ్చి ఇచ్చింది. గుజ్జు మళ్లీ పెరుగుతుందని సీసా మీద రాసి ఉంది. తను మాత్రం ఏదో మూలికల పొడి వాడుతోంది. రెండు రోజుల్లోనే నొప్పి పోయిందట. నొప్పి మాత్రలంటే నాకు భయం. మూలికలతో గుజ్జును కాపాడుకోవచ్చా? వీటిలో ఏది వాడాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగింది మూలికల గురించి. నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన సంగతి. గుజ్జు అరగకూడదని నడక మానేశారు. మాత్రల గురించి మీరు అడిగినవన్నీ చెబుతాను. కానీ ఈ సమాధానం చదివిన రోజే మీరు మళ్లీ కొద్దికొద్దిగా నడవడం మొదలుపెట్టాలని నా కోరిక. ఎందుకంటున్నానో కింద వివరిస్తాను.

ముందు మీ ప్రశ్నకు సూటి జవాబు. మూలికల్లో ఒకటి రెండు మోకాలి నొప్పిని కొంత తగ్గిస్తాయి. దానికి మనుషుల మీద చేసిన ప్రయోగాల ఆధారం ఉంది. గుజ్జును తిరిగి పెంచుతుందని రుజువైన మూలిక మాత్రం ఒక్కటి కూడా లేదు. ఇది మూలికల లోపమే అనుకోకండి. అమెరికా, యూరప్ ఔషధ నియంత్రణ సంస్థలు కూడా ఇంతవరకూ ఆస్టియో ఆర్థరైటిస్‌లో గుజ్జు అరుగుదలను ఆపే మందంటూ ఒక్కదానికీ అనుమతి ఇవ్వలేదు. అలాంటి మందు కోసం పెద్ద పెద్ద కంపెనీలు ఏళ్ల తరబడి వెతుకుతూనే ఉన్నాయి. కాబట్టి ఆ సీసా మీది మాటను నమ్మకండి.

గుజ్జు అనే మాట వినగానే పండు గుజ్జులా మెత్తగా ఉండే పదార్థం గుర్తొస్తుంది. అసలు రూపం వేరు. పుస్తకాల్లో మృదులాస్థి అంటారు. ఎముక చివర గాజులా నున్నగా, తెల్లగా అంటుకుని ఉండే పొర అది. మోకాలిలో చాలా చోట్ల రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అందులో మూడింట రెండు వంతుల పైగా నీళ్లే. కొల్లాజెన్ అనే గట్టి దారాల వల ఒకటి, ఆ వల కళ్లలో నీళ్లను పట్టి ఉంచే ఆగ్రికాన్ అనే పదార్థం ఒకటి, ఈ రెండింటినీ తయారుచేసే కణాలు అక్కడక్కడా కొన్ని. రక్తనాళాలు లేవు. నరాలు లేవు.

నరాలు లేవంటే మీ నొప్పి గుజ్జు నుంచి రావడం లేదు. గుజ్జు కింద ఉన్న ఎముక, కీలు లోపలి పొర, చుట్టూ ఉన్న తిత్తి, కండరాల అతుకులు, వీటి నుంచి వస్తుంది. ఎక్స్‌రేలో గ్యాప్ బాగా తగ్గినా హాయిగా నడిచే వాళ్లు ఉన్నారు. గ్యాప్ దాదాపు మామూలుగా ఉండి నొప్పితో అల్లాడే వాళ్లూ ఉన్నారు. ‘గుజ్జు అరిగింది’ అన్న మాట మనసులో నాటుకున్నాక ప్రతి అడుగుకూ ఇంకొంచెం అరుగుతోందని టెన్షన్ పడతాం. గుజ్జు తిరిగి పెరగకపోయినా నొప్పి బాగా తగ్గే అవకాశం ఉందని మీరు ముందుగా తెలుసుకోవాలి.

రక్తనాళాలు లేకపోవడం దీనికంటే ముఖ్యం. మరి ఆ కణాలకు తిండి ఎలా అందుతుంది? కీలులో ఉండే జిగురు ద్రవం నుంచి. కాలు మోపినప్పుడు గుజ్జు నొక్కుకుని కొంత నీరు బయటికి పోతుంది. కాలు ఎత్తినప్పుడు కొత్త ద్రవం లోపలికి చేరుతుంది. తడి స్పాంజిని పిండి వదిలినట్టు అనుకోండి. ఈ పిండడం, వదలడం ఆగిపోతే గుజ్జుకు పోషణ తగ్గుతుంది. మనం మోకాలి గుజ్జును చెప్పు అట్టలా ఊహించుకుంటాం, ఎంత నడిస్తే అంత అరుగుతుందని. చెప్పు అట్టకు ప్రాణం లేదు. గుజ్జుకు ఉంది.

దీనికి మనుషుల్లోనే సాక్ష్యం దొరికింది. వెన్నుపూసకు దెబ్బ తగిలి కాళ్లు కదలకుండా పోయిన వాళ్ల మోకాళ్లను ఎంఆర్ఐతో చూసిన పరిశోధన 2003లో వచ్చింది. నడక ఆగిన ఏడాదిలోపే వాళ్ల గుజ్జు దాదాపు పదో వంతు పలచబడింది. నడవలేదు కాబట్టి అరగకుండా మిగలాలి కదా? పలచబడింది. దానికి సరిగ్గా ఎదురుగా నిలిచే పరిశోధన 2005లో స్వీడన్ నుంచి వచ్చింది. మోకాలిలో ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్‌కు ఆపరేషన్ అయిన 45 మందిని తీసుకుని, ఒక గుంపు చేత నాలుగు నెలలపాటు వారానికి మూడుసార్లు వ్యాయామం చేయించారు. వాళ్ల గుజ్జులో నీళ్లను పట్టి ఉంచే పదార్థం మెరుగైనట్టు ఎంఆర్ఐలో కనిపించింది. చిన్న పరిశోధనే. అయినా మనుషుల గుజ్జు గురించి ఇంత ఆశ కలిగించే ఫలితం నేను ఏ మూలిక దగ్గరా చూడలేదు.

కొల్లాజెన్ వల సంగతి వేరు. 1950లు, 60లలో అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో రేడియో కార్బన్ అనే ఒక రకం కార్బన్ బాగా పెరిగింది. ఆ రోజుల్లో ఒంట్లో తయారైన కణజాలంలో ఆ గుర్తు నిలిచిపోయింది. డెన్మార్క్ పరిశోధకులు మోకాలి గుజ్జులోని కొల్లాజెన్‌లో ఆ కార్బన్‌ను కొలిచి, 2016లో ఫలితం ప్రచురించారు. ఎదిగే వయసులో అల్లుకున్న వలే చివరిదాకా ఉంటుందని, పెద్దయ్యాక అందులో కొత్త కొల్లాజెన్ దాదాపు చేరదని తేలింది. అరుగుదల వచ్చిన మోకాళ్లలోనూ అంతే. మీ మోకాలిలో ఉన్నది మీ చిన్నతనంలో తయారైన వల. ఒక మాత్ర దాన్ని 58 ఏళ్ల వయసులో మళ్లీ అల్లుతుందంటే నేను ఒప్పుకోలేను.

ఇక మూలికల దగ్గరికి వద్దాం.

‘గుజ్జును కాపాడుతుంది’ అన్న మాట గాలిలోంచి పుట్టలేదు, అది కూడా చెప్పాలి. గుజ్జు అరిగేటప్పుడు కొన్ని ఎంజైములు ఆ వలను, ఆగ్రికాన్‌ను కత్తిరిస్తూ ఉంటాయి. పసుపులోని కర్క్యుమిన్‌ను ప్రయోగశాలలో గుజ్జు కణాల మీద పోస్తే ఆ ఎంజైములు తగ్గుతాయి. మోకాలికి ఆపరేషన్ చేసి అరుగుదల తెప్పించిన ఎలుకల్లో కర్క్యుమిన్ నష్టాన్ని నెమ్మదింపజేసిందని కూడా 2016లో ప్రచురించారు. ఈ ఫలితాలు నిజమైనవే. కానీ గాజు పాత్రలో కణాల మీద పోసే మోతాదు, మనం నోటితో తీసుకున్నాక రక్తంలోకి చేరే దానికంటే వందల రెట్లు ఎక్కువ. పసుపులో కర్క్యుమిన్ ఉండేదే నూటికి మూడు పాళ్లు, అటూ ఇటూగా. అందులోనూ చాలా భాగం పేగులోంచి రక్తంలోకి ఎక్కదు, ఎక్కింది కాస్తా కాలేయం వెంటనే మార్చేస్తుంది. పైగా చిట్టెలుక మోకాలి గుజ్జు మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. దానికీ ఏళ్ల తరబడి అరిగిన మనిషి మోకాలికీ పోలిక పెట్టడం కష్టం.

మనుషుల్లో ఏం జరిగింది? 2014లో థాయిలాండ్ వైద్యులు 367 మందిని తీసుకున్నారు. కొందరికి రోజుకు 1500 మిల్లీగ్రాముల పసుపు సారం, కొందరికి 1200 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ అనే నొప్పి మాత్ర, నాలుగు వారాలు. నొప్పి తగ్గడంలో పసుపు సారం ఐబుప్రోఫెన్‌కు తీసిపోలేదు. కడుపు బాధలు తక్కువ కనిపించాయి. మంచి ఫలితమే. అయితే నొప్పి గురించి కాక గుజ్జు గురించి అడిగిన మీకు 2020లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో జరిగిన ప్రయోగం ఎక్కువ పనికొస్తుంది. మోకాలి నొప్పితోపాటు కీలులో నీరు చేరిన 70 మందికి 12 వారాలు పసుపు సారం గాని, మందేమీ లేని ఉత్తి మాత్ర గాని ఇచ్చారు. ముందూ తర్వాతా ఎంఆర్ఐ తీశారు. పసుపు వాడిన వాళ్లకు నొప్పి వంద పాయింట్ల కొలతలో తొమ్మిది పాయింట్లు అదనంగా తగ్గింది. కీలులో నీరు మాత్రం ఉత్తి మాత్ర వాళ్లతో పోలిస్తే తగ్గలేదు. గుజ్జు నాణ్యతలోనూ తేడా రాలేదు. 12 వారాలు గుజ్జుకు తక్కువ సమయం అనొచ్చు, ఒప్పుకుంటాను. కానీ ‘గుజ్జు పెరుగుతుంది’ అని సీసా మీద రాసేవాళ్లు చూపించాల్సింది ఇలాంటి ఎంఆర్ఐలే.

శల్లకి నాకు మిగతావాటికంటే కొంచెం ఎక్కువ నమ్మకం కలిగించే మూలిక. సాంబ్రాణి జాతికి చెందిన చెట్టు బంక ఇది. ఇందులోని బోస్వెల్లిక్ ఆమ్లాలు 5-లైపాక్సిజనేజ్ అనే ఎంజైమును అడ్డుకుని వాపును తగ్గిస్తాయి. మామూలు నొప్పి మాత్రలు పనిచేసే దారి వేరు, దీని దారి వేరు. మూలికల ప్రయోగాలన్నిటినీ జల్లెడ పట్టి కొక్రేన్ సంస్థ 2014లో ఒక సమీక్ష ఇచ్చింది. అందులో శల్లకి గాఢ సారం రోజుకు 100 మిల్లీగ్రాములు 90 రోజులు వాడిన వాళ్ల నొప్పి, ఉత్తి మాత్ర వాడిన వాళ్లతో పోలిస్తే వందకు 17 పాయింట్లు తక్కువ ఉంది. మెట్లు దిగే బాధలో అది తెలిసే తేడానే. అయితే ఆ అంకె చిన్న ప్రయోగాల నుంచి వచ్చింది కాబట్టి, పెద్ద ప్రయోగం జరిగితే కొంత తగ్గొచ్చు.

శల్లకి గుజ్జును కాపాడుతుందా? 2008లో 75 మంది మీద జరిగిన ప్రయోగంలో కీలు ద్రవంలో గుజ్జును కరిగించే ఎంజైము ఒకటి తగ్గినట్టు చూశారు. ప్రకటనల్లో అంతవరకే చెబుతారు. ఎంజైము తగ్గడం వేరు, ఏళ్లు గడిచాక గుజ్జు మిగలడం వేరు. 2003లో నాగపూర్‌లో 30 మంది మీద జరిగిన మరో ప్రయోగంలో నొప్పి, వాపు తగ్గి ఎక్కువ దూరం నడవగలిగారు కానీ ఎక్స్‌రేలో మార్పేమీ లేదు. ఆ పరిశోధకులు ఆ సంగతి దాచకుండా రాశారు, అది నాకు నచ్చింది.

గుజ్జు మీద ఏళ్ల తరబడి పరీక్షించిన మొక్కల మందు ఏదైనా ఉందా అంటే, అవకాడో, సోయా నూనెల్లో సబ్బుగా మారని భాగంతో చేసింది ఒకటి ఉంది. తుంటి కీలు అరిగిన 399 మందికి మూడేళ్లు ఇచ్చి చూశారు. సగటున గ్యాప్ తగ్గిన తీరులో ఉత్తి మాత్రకూ దీనికీ తేడా లేదు. అరుగుదల బాగా ముదిరిన వాళ్ల శాతం మాత్రం 50కి బదులు 40 ఉంది. నొప్పిలో తేడా లేదు. ఆశను పూర్తిగా కొట్టేయలేం, అలాగని డబ్బు పెట్టి కొనమని చెప్పేంత బలమూ లేదు.

అల్లం సారం నొప్పిని కొద్దిగా తగ్గిస్తుంది, కడుపులో మంట తెస్తుంది, అంతకంటే చెప్పుకోవాల్సింది లేదు. మూలిక కాకపోయినా మీకు ఎవరో ఒకరు గ్లూకోజమైన్ కూడా వాడమంటారు. 2006లో అమెరికాలో 1583 మంది మీద జరిగిన పెద్ద ప్రయోగంలో మొత్తం మీద అది ఉత్తి మాత్రను మించలేదు. ఆ దేశపు కీళ్ల వైద్యుల సంఘం దాన్ని వాడొద్దని గట్టిగానే చెప్పింది.

మీరు అడగని మొక్క మందు ఒకటి నేనే గుర్తుచేస్తాను. మిరపలో కారానికి కారణమైన క్యాప్సైసిన్. దాన్ని పూతగా రాస్తే మొదట మండుతుంది, రోజుకు మూడు నాలుగుసార్లు చొప్పున కొన్ని వారాలు రాస్తే అక్కడి నొప్పి నరాల చివరలు మొద్దుబారతాయి. ఈ కారం ఏ ద్వారం గుండా నరాన్ని తాకుతుందో కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. ఇది గుజ్జును తాకనైనా తాకదు. కానీ కడుపులోకి పోదు, మీ ఆస్పిరిన్‌తో గొడవ పడదు. రాసుకున్నాక చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి, ఆ చేత్తో కన్ను నలుపుకుంటే చాలా బాధపడతారు. పుండు మీద రాయకూడదు.

ఇప్పుడు మీ చేతిలోని సీసా. నా సలహా, అది వాడకండి. కారణాలు మీ విషయంలోనే ఉన్నాయి.

మీరు స్టెంట్ ఉన్న మనిషి. ఆస్పిరిన్ మీ రక్తం గడ్డకట్టకుండా చూస్తోంది. పసుపు సారం, అల్లం సారం పెద్ద మోతాదులో తీసుకుంటే రక్తం పలచబడే గుణాన్ని ఇంకొంచెం పెంచవచ్చు. వంటలో వేసే పసుపుతో ఈ భయం లేదు, నేను చెప్పేది మాత్రల్లోని గాఢ సారం గురించి. ఆ సీసాలో మిరియాల సారం కూడా ఉందన్నారు. అది ఊరికే కలపలేదు. మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు తోడైతే రక్తంలోకి చేరే కర్క్యుమిన్ ఇరవై రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. అప్పటి నుంచి దాదాపు ప్రతి కంపెనీ అది కలుపుతోంది. చిక్కేమిటంటే పైపరిన్‌కు కర్క్యుమిన్ ఒక్కటే తెలియదు. మీరు వేసుకునే ఇతర మందులు కొన్నిటిని కూడా అలాగే రక్తంలో పెంచగలదు. బీపీకి వాడే ప్రొప్రనొలాల్‌ను పెంచినట్టు పరిశోధనల్లో తేలింది. మీ బీపీ మాత్ర ఏదో మీరు రాయలేదు.

కాలేయం సంగతి ఇంకోటి. పసుపు మాత్రలు వాడిన వాళ్లలో కామెర్లు, కాలేయ వాపు వచ్చిన కేసులు 2019లో ఇటలీలో బయటపడ్డాయి. 2023లో ఆస్ట్రేలియా ఔషధ సంస్థ కూడా హెచ్చరిక ఇచ్చింది. అరుదే. బాగా ఒంటబట్టేలా తయారుచేసిన మాత్రలతో ఆ ప్రమాదం ఎక్కువ కావచ్చని ఆ హెచ్చరికలో ఉంది. అశ్వగంధ కూడా కాలేయాన్ని దెబ్బతీసిన సందర్భాలు ఉన్నాయి, థైరాయిడ్‌ను కదిలించగలదు. మూడు నాలుగు మూలికలు ఒకే మాత్రలో కలిపితే, రేపు ఒంటికి పడకపోతే దేనివల్లో తేల్చలేం. మేలు జరిగినా దేనివల్లో తెలియదు.

ఒక మూలికైనా ప్రయత్నించి చూడాలని మీకు గట్టిగా ఉంటే, శల్లకి ఒక్కటే ఉన్న మాత్ర ఎంచుకోండి. బోస్వెల్లిక్ ఆమ్లాలు ఎంత ఉన్నాయో సీసా మీద అంకెతో రాసి ఉండాలి. ముందు మీ గుండె డాక్టర్‌కు చూపించి, సరే అన్నాకే మొదలుపెట్టండి. ఆస్పిరిన్‌ను మాత్రం మీ అంతట మీరు ఒక్కరోజు కూడా ఆపకండి, మూలిక కోసం అసలే వద్దు. మొదలుపెట్టే ముందు వారం రోజులు, అవే మెట్లు అదే వేళకు దిగి, నొప్పికి సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేసి రాసుకోండి. వాడుతున్నప్పుడూ వారానికోసారి రాయండి. ఈ జబ్బులో నొప్పి దానంతట అదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మనం మందు కొనేది బాగా పెరిగిన రోజున. తర్వాత అది ఎలాగూ కొంత తగ్గుతుంది, ఆ పేరు మందుకు వస్తుంది. కాగితం మీద అంకెలుంటే ఆ పొరపాటు జరగదు. ఎనిమిది నుంచి పన్నెండు వారాల్లో కనీసం రెండు పాయింట్లు తగ్గకపోతే ఆపేయండి. ఈలోగా కళ్లు పసుపుపచ్చగా మారినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఆకలి చచ్చిపోయినా, మలం నల్లగా వచ్చినా, ఒంటి మీద కమిలిన మచ్చలు పడినా వెంటనే మానేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఏదైనా ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే మూలిక మానేయడం మంచిది.

నొప్పి మాత్రలంటే భయమన్నారు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఆ భయం సబబే, రోజూ మింగే నొప్పి మాత్రలు మీకు మంచివి కావు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందును జెల్‌గా పైపూత రాసుకోవడం సంగతి వేరు. దాని నుంచి రక్తంలోకి చేరేది మాత్ర మింగితే చేరే దానిలో సుమారు ఆరు శాతమే. మోకాలు చర్మానికి దగ్గరగా ఉండే కీలు కాబట్టి పూత బాగా పనిచేస్తుంది. ఇది కూడా మీ డాక్టర్‌ను అడిగే వాడండి.

ఇప్పుడు నడక. ఆరు నెలలు ఆపారు కాబట్టి మీ తొడ ముందు కండరం చిక్కిపోయి ఉంటుంది. మెట్లు దిగేటప్పుడు మోకాలి మీద పడే బరువును పట్టి ఆపేది అదే. అది బలహీనపడితే ఆ భారమంతా కీలు మీదే పడుతుంది. కుర్చీలో కూర్చుని, కాలు ముందుకు చాచి నిటారుగా చేసి, అయిదు అంకెలు లెక్కపెట్టి దించండి. పదిసార్లు. కాసేపు ఆగి మళ్లీ పది. రెండో కాలికీ చేయండి. కొన్ని రోజులు పోయాక, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి నెమ్మదిగా కూర్చోవడం అలవాటు చేసుకోండి. మొదట్లో కుర్చీ మీద దిండు వేసుకుంటే ఎత్తు పెరిగి తేలికగా ఉంటుంది. నడక చదునైన చోట పది నిమిషాలతో మొదలుపెట్టి వారానికి కొన్ని నిమిషాలు పెంచండి. చేసేటప్పుడు కొంత నొప్పి ఉంటుంది. అది మర్నాడు ఉదయానికి మామూలు స్థాయికి వచ్చేస్తే హాని జరగలేదనే అర్థం. రాకపోతే కొంచెం తగ్గించండి, ఆపేయకండి. ఫలితం తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మొదటి రెండు వారాల్లో విసుగొస్తుంది, చాలామంది అక్కడే వదిలేస్తారు.

మెట్లు ఎక్కేటప్పుడు ఎడమ కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కుడి కాలు ముందు వేయండి. చేతికర్ర వాడితే ఎడమ చేతిలో పట్టుకోండి, చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. మీ బరువు గురించి మీరు రాయలేదు. ఎక్కువ ఉంటే, తగ్గిన ప్రతి కిలోకూ అడుగు అడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చెప్పారు. ఇంగ్లండ్‌లోని నైస్ సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ జబ్బున్న అందరికీ మొదట చెప్పాల్సింది వ్యాయామమేనని ఉంది.

మోకాలు ఎర్రబడి వేడిగా వాచి జ్వరం వచ్చినా, మడత పడి తెరుచుకోకపోయినా, ఉదయం బిగుతు అరగంట దాటి ఉన్నా, వేళ్ల కీళ్లు కూడా వాచినా అది మామూలు అరుగుదల కాకపోవచ్చు. ఆలస్యం చేయకుండా చూపించుకోండి.

చివరగా మీ ఆడపడుచు గారి పొడి. రెండు రోజుల్లో నొప్పి పోయిందన్న మాట నాకు నచ్చలేదు. ఏ మూలికా అంత త్వరగా పనిచేయదు. శల్లకికైనా, పసుపుకైనా వారాలు పడుతుంది. మా అమ్మకు ఇలాగే జరిగింది. ఎవరో ఇచ్చిన పేరు లేని పొడి వాడి వారంలో లేచి తిరిగింది, మేమంతా సంతోషించాం. నాలుగు నెలలకు ముఖం గుండ్రంగా ఉబ్బింది, షుగర్ పెరిగింది. పొడి అయిపోయి ఆపిన కొద్ది రోజులకే మంచం మీంచి లేవలేకపోయింది. రక్తం పరీక్ష చేస్తే, ఒళ్లు సహజంగా తయారుచేసుకోవాల్సిన స్టెరాయిడ్ హార్మోన్ కార్టిసాల్ దాదాపు లేదు. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే ఒళ్లు దాన్ని తయారుచేయడం మానేస్తుంది. పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉంటే తప్ప అలా కాదని డాక్టర్ చెప్పారు. అప్పుడు ఆ పొడిని నేను అనుమానించకపోవడం ఇప్పటికీ బాధగా ఉంది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. కీళ్ల కోసం మూలికల మాత్రలుగా అమ్మిన ఆర్ట్రి కింగ్‌లో, సీసా మీద చెప్పకుండా డైక్లోఫెనాక్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిపి ఉన్నాయని అమెరికా ఔషధ సంస్థ 2022లో హెచ్చరించింది. అంతకు ముందు, 2004లో బోస్టన్ ప్రాంతంలో అమ్ముతున్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది.

కాబట్టి ఆమెతో ఈ రోజే మాట్లాడండి. పొడి వాడకం మొదలయ్యాక ముఖం ఉబ్బిందా, ఆకలి బాగా పెరిగిందా, బీపీ గాని షుగర్ గాని పెరిగిందా అడగండి. అయితే పొడిని ఒక్కసారిగా మానేయమని మాత్రం చెప్పకండి. వారాల తరబడి స్టెరాయిడ్ వాడి హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. ఆ పొట్లం చేత పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లమనండి. వీలైతే మీరూ తోడు వెళ్లండి, మీ సీసా కూడా సంచిలో వేసుకుని.